చివరి అంకెకు అన్నీ తెలుసు!

వంటింట్లోకి వెళ్లి ఏదో ఒక ప్యాకెట్ చేతిలోకి తీసుకోండి. బిస్కెట్లు, టీపొడి, సబ్బు... ఏదైనా ఫర్వాలేదు. వెనకవైపు నల్లటి గీతలుంటాయి. వాటి కింద సాధారణంగా 13 అంకెలుంటాయి. మనదేశంలో నంబరు తీసుకున్న సరుకైతే మొదటి మూడూ 890. ఆ తరవాతి అంకెలు కంపెనీ ఏదో, సరుకు ఏదో చెబుతాయి. మరి చిట్టచివరి అంకె? అది ధర చెప్పదు, తయారీ తేదీ చెప్పదు. దాని పనల్లా ముందున్న పన్నెండింటి మీదా ఓ కన్నేసి ఉంచడమే!

ఎలాగంటే... మాటవరసకి ఆ పన్నెండు అంకెలూ 890123456789 అనుకుందాం. ఎడమ నుంచి ఒకటి, మూడు, ఐదు ఇలా బేసి స్థానాల్లో ఉన్న అంకెల్ని కూడితే 28. సరి స్థానాల్లోవి కూడితే 34. ఈ 34ని మూడుతో హెచ్చవేస్తే 102. రెండూ కలిపితే 130. ఇది సరిగ్గా పదుల్లోనే ఉంది కాబట్టి చివరి అంకె 0. ఒకవేళ మొత్తం 127 వచ్చి ఉంటే, 130 కావడానికి ఇంకో మూడు కావాలి కాబట్టి చివరి అంకె 3 అయ్యేది. కౌంటర్ దగ్గర స్కానర్ గీతల్ని చదివిన ప్రతిసారీ ఈ లెక్క చేస్తుంది. సరిపోతే 'బీప్' అంటుంది. గీత చెరిగిపోయో, కవరు మడతపడో ఏ అంకైనా తప్పుగా చదివితే లెక్క కుదరదు, మోగదు. అప్పుడు ఆ అమ్మాయి ప్యాకెట్‌ని చీరకొంగుకో చున్నీకో తుడిచి మళ్లీ చూపిస్తుంది. 1974 జూన్ 26న అమెరికాలో ఒహైయో రాష్ట్రంలోని ట్రాయ్ అనే ఊళ్లో ఓ సూపర్‌మార్కెట్లో తొలిసారిగా ఒక చూయింగ్ గమ్ ప్యాకెట్‌ని ఇలా స్కాన్ చేశారు. అప్పటి నంబరులో అంకెలు పన్నెండే. కానీ ఆఖరి అంకె కాపలా మాత్రం అప్పుడూ ఉంది.

ఇదే లెక్క మన రైల్వేలోనూ ఉంది. గేటు పడినప్పుడు ఆగి గూడ్స్ పెట్టెలు లెక్కపెట్టే పిల్లలకు ఈ విషయం చెప్పి చూడండి. ఒక్కో వ్యాగన్ మీదా 11 అంకెల నంబరు ఉంటుంది. మొదటి రెండూ వ్యాగన్ రకం, తరవాతి రెండూ అది ఏ రైల్వేకి చెందిందో, ఆపై రెండూ తయారైన సంవత్సరం, ఇంకో నాలుగు దాని సొంత సంఖ్య. పదకొండోది కాపలా అంకె. సరి స్థానాలవి మూడింతలు చేసి, బేసి స్థానాలవి కలిపి, పదుల్లోకి సర్దడమే అక్కడా పద్ధతి. బిస్కెట్ ప్యాకెట్‌కీ బొగ్గు వ్యాగన్‌కీ ఒకే సూత్రం!

గుమాస్తా గారి తొమ్మిది

మూడుతో హెచ్చవేయడం ఎందుకు, ఊరికే కూడితే సరిపోదా అని ఎవరికైనా అనుమానం వస్తుంది. కూడికకు ఓ బలహీనత ఉంది. దానికి వరస పట్టదు. 45 అన్నా, 54 అన్నా దానికి తొమ్మిదే. మనుషులేమో అంకెల్ని తారుమారు చేయడంలో సిద్ధహస్తులు. పాత చిట్టా ఆవర్జాలు రాసిన గుమాస్తాలకు ఇది బాగా తెలుసు. రెండు పద్దుల మధ్య తేడా వచ్చిందంటే ముందు దాన్ని తొమ్మిదితో భాగించి చూసేవారు. శేషం లేకుండా పోతే ఎక్కడో పక్కపక్క అంకెలు అటూ ఇటూ అయ్యాయేమోనని అనుమానం. 5400 రాయాల్సిన చోట 4500 రాస్తే తేడా 900. తొమ్మిదితో చక్కగా పోతుంది. ఏ కాలేజీలోనూ చదవకుండా పట్టుకున్న కిటుకు అది.

మనుషులు అంకెలు రాసేటప్పుడు ఏయే తప్పులు చేస్తారో కూర్చుని లెక్కగట్టిన మహానుభావుడూ ఉన్నాడు. పేరు యాకోబస్ వెర్‌హోఫ్, నెదర్లాండ్స్ గణితవేత్త. అక్కడి తపాలా శాఖ నుంచి తప్పుల వివరాలు తీసుకుని వర్గాలుగా విడదీశాడు. వందలో దాదాపు 79 తప్పులు ఒకే ఒక్క అంకె మారిపోవడం వల్ల వచ్చినవి. మరో పదిదాకా పక్కపక్క అంకెలు చోటు మార్చుకున్నవి. అంటే ఈ రెండింటినీ పట్టుకుంటే చాలు, పదింట తొమ్మిది తప్పులు దొరికిపోయినట్టే.

బ్యాంకు కార్డుల మీద ఉండే లెక్క అంతకంటే పాతది. ఐబీఎంలో పనిచేసిన హాన్స్ పీటర్ లూన్ 1954లో దానికి పేటెంట్ కోసం దరఖాస్తు చేస్తే 1960లో వచ్చింది. కుడి చివరి అంకెను వదిలేసి, దాని పక్కనున్న అంకె నుంచి ఒకటి విడిచి ఒకటి రెట్టింపు చేయాలి. రెట్టింపు తొమ్మిది దాటితే అందులోంచి తొమ్మిది తీసేయాలి. అన్నీ కూడితే పదుల్లో రావాలి. ఆన్‌లైన్లో కొనేటప్పుడు కార్డు నంబరులో ఓ అంకె తప్పు కొట్టగానే, ఇంకా బ్యాంకుదాకా వెళ్లకుండానే ఎర్రగా 'నంబరు సరికాదు' అని వచ్చేది ఈ లెక్క పుణ్యమే. అయితే దీనికీ ఓ కంత ఉంది. 09ని 90 అని కొడితే పసిగట్టలేదు. 9 రెట్టింపు 18, అందులోంచి 9 తీస్తే మళ్లీ 9. సున్నా రెట్టింపు సున్నానే. అటు తిప్పినా ఇటు తిప్పినా మొత్తం మారదు. బార్‌కోడ్‌కీ ఇలాంటి కంతే ఉంది... పక్కపక్క అంకెల మధ్య తేడా అయిదైతే, అంటే 16ని 61గా కొడితే దానికి తెలియదు.

పదే అంకెలతో, ఒకే ఒక్క కాపలా అంకెతో ఈ రెండు రకాల తప్పుల్నీ పూర్తిగా పట్టుకోవడం కుదరదేమో అనుకునేవారు అప్పట్లో. కుదురుతుందని 1969లో చూపించింది వెర్‌హోఫే. ఆయన కూడికని పక్కన పెట్టేశాడు. వరస మారితే ఫలితం మారే వ్యవహారం కావాలి ఆయనకు. చొక్కా ఇస్త్రీ చేసి తొడుక్కోవడమూ, తొడుక్కుని ఇస్త్రీ చేయడమూ ఒకటి కాదు కదా! అట్టముక్కను అయిదు సమాన భుజాలతో కత్తిరించండి. దాన్ని తిప్పడం, బోర్లించడం ద్వారా సరిగ్గా పది రకాలుగా అదే చోట అమర్చవచ్చు. పది అమరికలు, పది అంకెలు. తిప్పి బోర్లిస్తే ఒకటొస్తుంది, బోర్లించి తిప్పితే ఇంకోటొస్తుంది. ఆ అమరికల పట్టికతోనే ఆయన కాపలా అంకె తయారైంది. నలభై ఏళ్ల తరవాత అది మనదేశానికొచ్చి కూర్చుంది. మన ఆధార్‌లో పన్నెండో అంకె వెర్‌హోఫ్ లెక్కే! 2010 సెప్టెంబరు 29న మహారాష్ట్రలోని తెంభలీ గ్రామంలో ఇచ్చిన తొలి ఆధార్ దగ్గర్నుంచీ ఇదే పద్ధతి. రేషన్ దుకాణంలోనో, బ్యాంకులోనో కంప్యూటర్ ముందున్న కుర్రాడు ఓ అంకె తప్పు కొడితే ఆ నంబరు ఇంకొకరిది కాకుండా ఆపేది అదే. పింఛను మీద బతికే ముసలమ్మకు ఆ ఒక్క అంకె ఎంత విలువైందో వేరే చెప్పాలా?

మాటలకూ ఓ మొత్తం

అంకెల సంగతి సరే. ఉత్తరాలు, ఫొటోలు, పాటలు... వీటికి కాపలా ఎవరు? కంప్యూటర్ దృష్టిలో అవీ అంకెలే. ప్రతి అక్షరానికీ ఓ సంఖ్య ఉంటుంది. అవన్నీ కూడగా వచ్చిన దాన్నే 'చెక్‌సమ్' అంటారు. సరిచూసే మొత్తం అన్నమాట.

కంప్యూటర్ కోర్సు చదువుతున్న పిల్లలు ఇంట్లో ఉంటే స్కాలా పేరు వినే ఉంటారు. స్విట్జర్లాండ్‌లో లోజాన్ నగరంలోని సాంకేతిక విశ్వవిద్యాలయంలో మార్టిన్ ఒడెర్‌స్కీ 2001లో రూపకల్పన మొదలుపెట్టిన ప్రోగ్రామింగ్ భాష అది. అవసరాన్ని బట్టి పెరగగలిగే భాష అని ఆ పేరుకి అర్థం. ఇటాలియన్‌లో స్కాలా అంటే మెట్లు కూడా. ఒడెర్‌స్కీ మరో ఇద్దరితో కలిసి 2008లో తెచ్చిన పాఠ్యపుస్తకంలో 'క్లాస్' అంటే ఏమిటో చెప్పడానికి ఎంచుకున్న ఉదాహరణ ఈ చెక్‌సమ్మే. పది గీతలు కూడా దాటని చిన్న ప్రోగ్రాము.

దాన్ని అర్థం చేసుకోవడానికి కంప్యూటర్ అక్కర్లేదు, గుళ్లో హుండీ గుర్తొస్తే చాలు. హుండీలో వేసిన డబ్బు లోపల పోగవుతూ ఉంటుంది. పైన ఓ సన్నటి కంత. అందులోంచి వేయడమే తప్ప చెయ్యి పెట్టి తీయడం కుదరదు. లెక్క కావాలంటే తాళం తీసే పద్ధతి వేరే ఉంటుంది. ఆ స్కాలా క్లాసూ అంతే. లోపల 'సమ్' అనే పెట్టె సున్నాతో మొదలవుతుంది. దానికి 'ప్రైవేట్' అని ముద్ర. అంటే బయటి ప్రోగ్రాములేవీ దాన్ని నేరుగా ముట్టుకోలేవు. 'యాడ్' అనేది కంత... ఒక్కో అక్షరం తాలూకు సంఖ్యా అందులోంచే పడాలి. 'చెక్‌సమ్' అనేది తాళం... అడిగినప్పుడు జవాబు చెబుతుంది. ఈ ముద్రే లేకపోతే ఏ మూలనున్న ప్రోగ్రామైనా వచ్చి పెట్టెలో సంఖ్య మార్చేయగలదు. కాపలావాడి జేబులోనే చేయి పెట్టడమన్నమాట. అందుకే పిల్లలకు క్లాస్ గురించి చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

జవాబు చెప్పేటప్పుడు ఓ చిన్న పని చేస్తుంది. మొత్తంలోంచి 256 చొప్పున తీసేయగలిగినన్ని తీసేసి, మిగిలిన దాని ముందు రుణ గుర్తు పెడుతుంది. ఆ తరవాత అక్షరాలన్నిటినీ, ఈ జవాబునీ కలిపి కూడితే 256లు తీసేశాక సున్నా మిగలాలి. మిగలకపోతే ఏదో మారిందన్నట్టే. ఆ పుస్తకం రాసినవాళ్లకు కాస్త చమత్కారం కూడా ఉంది. ప్రోగ్రాముకి 'సమ్మర్' అని పేరుపెట్టి దానికి 'ఆఫ్', 'లవ్' అనే రెండు మాటలు అందించారు. సమ్మర్ అంటే వేసవి, కూడేవాడు అని కూడా. 1967లో శాన్‌ఫ్రాన్సిస్కోలో హిప్పీలు గడిపిన 'సమ్మర్ ఆఫ్ లవ్' అమెరికాలో అంతా ఎరిగిందే. ఇంగ్లిషులో 'ఆఫ్' రాసే రెండక్షరాల సంఖ్యలు 111, 102. మొత్తం 213. జవాబు మైనస్ 213. 'లవ్' నాలుగక్షరాలూ కలిపి 438. అందులోంచి 256 పోతే 182. జవాబు మైనస్ 182. కాగితం మీద చేసినా అదే వస్తుంది.

పాఠం చెప్పడానికి ఇది భేషుగ్గా ఉంది కానీ కాపలాకు చాలదు. గుమాస్తా గారి తలనొప్పి ఇక్కడా ఉంది. తెలుగులో 'పాట' అని రాయాలంటే కంప్యూటర్‌లో మూడు సంఖ్యలు కావాలి... ప, దీర్ఘం, ట. 'టపా' అని రాయాలన్నా అవే మూడు, వరసే వేరు. మొత్తం మాత్రం ఒకటే! పాట పంపితే టపా చేరినా ఈ చెక్‌సమ్ 'అంతా క్షేమం' అనే అంటుంది. పైగా దానికున్న జవాబులు మొత్తం 256. ఎక్కడెలా చెడిపోయినా 256లో ఒక వంతు అదృష్టవశాత్తూ పాత జవాబే వచ్చే అవకాశముంది. అసలైన పనుల్లో అందుకే దీనికి పెద్దన్నల్లాంటి లెక్కలు వాడతారు.

పుకారులా పాకిన తప్పు

ఇంత పట్టింపు అవసరమా అంటే 2008 జులై 20న జరిగిన సంగతి చెప్పుకోవాలి. అది ఆదివారం. అమెజాన్ సంస్థ 'ఎస్3' పేరుతో లక్షల మంది సమాచారాన్ని దాచిపెట్టే సేవ నడుపుతుంది. ఆ ఉదయం అది పడకేసింది. దాని మీద ఆధారపడ్డ వెబ్‌సైట్లన్నీ గంటల తరబడి మూగబోయాయి. కారణం ఏమిటో ఆ సంస్థే తరవాత బయటపెట్టింది. అక్కడి సర్వర్లు 'నేను బాగున్నాను, ఫలానాది బాలేదు' అంటూ ఒకదానికొకటి సమాచారం చెప్పుకుంటాయి. ఇంజినీర్లు దాన్ని 'గాసిప్' అనే పిలుస్తారు. ఆ కబుర్లలో కొన్నింట్లో ఒకే ఒక్క బిట్, అంటే ఒక సున్నా ఒకటిగానో, ఒకటి సున్నాగానో మారిపోయింది. సందేశం చదవడానికి బాగానే ఉంది, అర్థమే తప్పు. ఒక సర్వర్ ఇంకోదానికి, అది మరోదానికి చెప్పుకుంటూ పోయాయి. నీళ్ల కుళాయి దగ్గర పుట్టిన పుకారు ఊరంతా పాకినట్టే! చివరికి సర్వర్లన్నిటి మాటా మాన్పించి, అవి గుర్తుపెట్టుకున్నదంతా చెరిపేసి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది.

ఇందులో అసలు విశేషం ఏమిటంటే, ఖాతాదారులు దాచుకున్న సమాచారానికి చెక్‌సమ్ కాపలా ముందు నుంచీ ఉంది. సర్వర్లు తమలో తాము చెప్పుకునే ఈ కబుర్లకే లేదు. వీధి తలుపుకి మూడు తాళాలేసి పెరటి తలుపు దగ్గరికి మాత్రమే వేసినట్టు. ఆ తరవాత దానికీ చెక్‌సమ్ పెట్టారు.

దొంగకు ఈ కాపలా చాలదు

ఇప్పటిదాకా చెప్పుకున్నవన్నీ పొరపాట్లు. కావాలని మోసం చేసేవాడి ముందు కాపలా అంకె ఏ మాత్రం నిలవదు. ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తున్నారు. 4 పక్కన పదిహేను ఒకట్లు వేసి చూడండి. లూన్ లెక్క ప్రకారం మొత్తం 30, చక్కగా సరిపోతుంది. కానీ అది ప్రోగ్రామర్లు పరీక్షలకు వాడుకునే ఉత్తుత్తి కార్డు నంబరు. ఆధార్ కూడా అంతే. వెర్‌హోఫ్ లెక్క దాచిపెట్టిన రహస్యమేమీ కాదు, ఎవరైనా దాంతో సరిపోయే పన్నెండంకెలు తయారుచేయొచ్చు. ఇల్లు అద్దెకిచ్చేటప్పుడో, పనిలో పెట్టుకునేటప్పుడో ఎవరైనా 'నంబరు సరిగ్గానే ఉందని కంప్యూటర్ చెప్పింది' అంటే అంకెలు ఒకదానికొకటి అతికాయనే అర్థం. ఆ నంబరు ఎవరికైనా ఇచ్చారా, ఇస్తే ఎదుటి మనిషికే ఇచ్చారా అనేది వేరే సంగతి. అది యూఐడీఏఐ దగ్గరే తేలాలి.

ఫైళ్ల విషయంలో దొంగల్ని తట్టుకోవడానికి గట్టి లెక్కలున్నాయి. వాటిని హ్యాష్ అంటారు. ఫైలంతా నలగ్గొట్టి ఓ పొడవాటి ముద్ర తీస్తాయి. ఒక్క కామా మారినా ముద్ర మొత్తం మారిపోతుంది. అవీ ముసలివవుతాయి మరి! ఎస్3లో వాడిన ఎండీ5 అనే ముద్రను 2004లోనే చైనా గణితవేత్త వాంగ్ షియావోయున్ బృందం ఛేదించింది. వేర్వేరు సమాచారాలకు ఒకే ముద్ర వచ్చేలా చేసి చూపించారు. పొరపాట్లు పట్టడానికి అదింకా పనికొస్తుంది, మోసాలు పట్టడానికి కాదు. 2017లో షా-1 అనే మరో ముద్ర వంతు వచ్చింది. గూగుల్‌తో కలిసి దాన్ని ఛేదించింది ఆమ్‌స్టర్‌డామ్‌లోని గణిత పరిశోధనా కేంద్రం. వెర్‌హోఫ్ కాపలా అంకె పరిశోధనని 1969లో ప్రచురించింది కూడా ఆ కేంద్రమే. అప్పుడు పేరు వేరు.

ఇవన్నీ ఇంజినీర్ల గొడవలని వదిలేయడానికీ లేదు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం ప్రకారం ఫోన్లోని వీడియోనో, కంప్యూటర్‌లోని ఫైలునో కోర్టుకి సాక్ష్యంగా ఇస్తే దాంతోపాటు ధ్రువపత్రంలో దాని హ్యాష్ విలువ రాయాలి. అంటే రేపు కోర్టులో వీడియో చూపించేటప్పుడు అది మొదట ఇచ్చిందేనా, మధ్యలో ఎవరైనా చేయి చేసుకున్నారా అనేది ఆ ముద్రను పోల్చి చూస్తే తెలుస్తుంది.

ఇంత పకడ్బందీగా ఉన్న లోకంలో మన బ్యాంకు ఖాతా నంబరు సంగతే విచిత్రం. అన్ని బ్యాంకులకూ కలిపి ఒకే పద్ధతి లేదు. ఒకచోట 11 అంకెలు, ఇంకోచోట 14, 16 కూడా. ఐరోపాలో చాలా దేశాల ఖాతా నంబర్లలో దేశం పేరు పక్కనే రెండు కాపలా అంకెలుంటాయి, 97తో భాగించి సరిచూస్తారు. మనకలా అన్ని బ్యాంకులూ పాటించే కాపలా అంకె లేదు. ఆన్‌లైన్ బదిలీల్లో పేరుతో నిమిత్తం లేకుండా ఖాతా నంబరు ఆధారంగానే డబ్బు జమ చేయవచ్చని రిజర్వు బ్యాంకు 2010లో చెప్పింది. ఫీజు కట్టబోతూ ఒక్క అంకె తప్పు కొడితే, ఆ తప్పు నంబరుతో నిజంగానే ఎవరికైనా ఖాతా ఉంటే, సొమ్ము వాళ్లదగ్గరికి పోతుంది. తిరిగి రప్పించుకోవడానికి బ్యాంకు చుట్టూ తిరగాలి. ఖాతా నంబరు రెండుసార్లు కొట్టమని, రెండో గడిలో కాపీ చేసి అతికించనివ్వకుండా చాలా బ్యాంకులు సతాయించేది అందుకే. అక్కడ చెక్‌సమ్ పని మన వేళ్లే చేయాలి. రిజర్వు బ్యాంకు 2024 డిసెంబరులో ఇచ్చిన ఆదేశం ప్రకారం ఎన్ఈఎఫ్‌టీ, ఆర్‌టీజీఎస్‌లలో డబ్బు పంపేముందు అవతలి ఖాతా ఎవరి పేరు మీద ఉందో చూపించే ఏర్పాటు 2025 ఏప్రిల్ 1 కల్లా బ్యాంకులన్నీ చేయాల్సి వచ్చింది. ఆ పేరు కనపడినప్పుడు చదవకుండా 'ఓకే' నొక్కేస్తే అది ఉన్నా లేనట్టే.

ఇక పిల్లలకు ఆదివారం కాలక్షేపం కావాలంటే సెల్‌ఫోన్‌లో స్టార్, హ్యాష్, 06, హ్యాష్ నొక్కండి. ఐఎంఈఐ అనే 15 అంకెల నంబరు వస్తుంది. ఫోన్ పోయినప్పుడు పోలీసులు అడిగేది అదే. చివరి అంకెను వేలితో మూసేసి, మిగతా పద్నాలుగింటినీ కాగితం మీద రాయించి, లూన్ లెక్కతో పదిహేనోది చెప్పమనండి. కుడి చివర రాసిన పద్నాలుగో అంకె నుంచే రెట్టింపు మొదలవ్వాలి, ఒకటి విడిచి ఒకటి. రెండు సిమ్ముల ఫోనైతే నంబర్లు రెండుంటాయి, ఇద్దరు పిల్లలకు చెరొకటి. ఆట అయ్యాక మాత్రం ఆ కాగితాన్ని ఫోన్ డబ్బాలో భద్రంగా పెట్టేయండి.